దాచుకున్న నాలుగు మాటలు

జులై 9

ఇది నా నాలుగో ఫుట్‌బాల్ క్లబ్బు, ఆరో గది. కొత్త గదిలో అడుగుపెట్టగానే నేను ముందు చూసేది మంచం పొడవు. అయిదడుగుల పదంగుళాల సెంటర్ బ్యాక్‌ని, మా గోల్ ముందు నిలబడి అడ్డుకునేదాన్ని. ఈ పొడుగే నాకు అన్నం పెడుతోంది, ఈ పొడుగే కాళ్ళు ముడుచుకుని పడుకోబెడుతోంది. ఈ మంచం కాస్త నయం, పాదాలు మాత్రమే బయట ఉంటున్నాయి.

గదిలో రెండో మంచం రైట్ బ్యాక్‌ది. ఇరవై ఏళ్ళ పిల్ల, నా భుజం దాటదు. అందరూ పొట్టి అంటారు, అదీ పలుకుతుంది. వచ్చీరాగానే అక్కా అని వరస కలిపి నా షాంపూ సగం వాడేసింది.

ఇవాళ వైద్య పరీక్షలు. బరువు, రక్తం, మోకాళ్ళు, ఆఖరున తల. తల పరీక్ష అంటే ఏమీ లేదు. ఫిజియో మేడమ్ పది మాటలు చదువుతుంది, అయిదు నిమిషాలు అవీ ఇవీ అడుగుతుంది, మళ్ళీ ఆ పదీ చెప్పమంటుంది. ఎన్ని చెబితే అన్ని మార్కులు. ఆ మార్కు ఫైల్లో ఉంటుంది. సీజన్ మధ్యలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే ఇదే పరీక్ష మళ్ళీ పెట్టి పాత మార్కుతో పోలుస్తారు. తగ్గితే ఆట బంద్.

అందుకే ఇక్కడ ఎవరూ తెలివి చూపించరు. ఈ విద్య నాకు రెండో క్లబ్బులో కెప్టెన్ నేర్పింది. పెద్దక్క అనేవాళ్ళం. "జులైలో తెలివి దాచుకోవే పిచ్చిదానా, సెప్టెంబర్లో పనికొస్తుంది" అంది. నేనేమో స్టాటిస్టిక్స్‌లో గోల్డ్ మెడల్ అర మార్కుతో పోగొట్టుకుని వారం రోజులు అన్నం మానేసిన మనిషిని. ఇప్పుడు ఏటా కావాలని తక్కువ తెచ్చుకుంటున్నాను.

మేడమ్ చదివినవి ఇవి: తాత, గొడుగు, గుర్రం, రైలు, నిమ్మకాయ, ఉప్పు, దువ్వెన, అద్దం, తాళం, కిటికీ. ఆవిడ చదువుతుండగానే కథ అల్లేసుకున్నాను. తాత గొడుగు పట్టుకుని గుర్రమెక్కి రైలు అందుకోవడానికి బయల్దేరాడు. ఒక జేబులో నిమ్మకాయ, ఉప్పు. ఇంకో జేబులో దువ్వెన, అద్దం. ఇంటికి తాళం వేశాడు గానీ కిటికీ వేయడం మరిచిపోయాడు. ఈ తాతని వందేళ్ళయినా మరిచిపోను.

ఆరు చెప్పి ఆగిపోయాను. "ఫరవాలేదులే" అంది మేడమ్, జాలిగా. తన వంతు కోసం వసారాలో కూర్చున్న పొట్టి చెవిలో రహస్యం ఊదాను. పది నిమిషాల్లో బయటికొచ్చి, అయిదే చెప్పానక్కా అని చెయ్యి చూపించింది, క్లాసు ఫస్టు వచ్చినట్టు.

జులై 10

మిగతా షాంపూ కూడా అయిపోయింది.

జులై 28

కోచ్ కార్నర్ల ప్రాక్టీసు పెట్టించారు. ఆయన మూల నుంచి బంతులు ఎత్తి వేస్తారు, నేను ఎగిరి నుదుటితో బయటికి కొట్టాలి. నలభై హెడర్లు. లెక్కపెట్టుకోవడం నా చదువు అంటించిన జబ్బు.

కాలేజీలో నేను ఫార్వర్డ్‌ని, గోల్స్ కొట్టేదాన్ని. మొదటి క్లబ్బు కోచ్ నన్ను వారం చూసి, ఈ అమ్మాయి మైదానం మొత్తం చూస్తుంది అన్నాడు. పొగడ్త అనుకున్నాను. మర్నాడే వెనక్కి పంపించేశాడు, అక్కణ్ణుంచి చూడమని. అప్పటినుంచి నా పని ఏమీ జరగకుండా చూడటం. ఏమీ జరగలేదంటే నేను బాగా ఆడినట్టు. జరగనిదాన్ని ఎవరు ఫోటో తీస్తారు?

మైదానంలో తొంభై నిమిషాలూ నోరు మూయను. ఎక్కు, ఆగు, నీ వెనక, వదిలెయ్ నాది. నా గొంతు మీదే లైను మొత్తం ముందుకీ వెనక్కీ కదులుతుంది. బయటికొచ్చాక మాట్లాడే పని ఉండదు. సెలవు రోజుల్లో పొట్టి ఊరికి వెళ్ళిపోతుంది. పొద్దున్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి సాయంత్రం పాలు కొనేటప్పుడు, గొంతు బొంగురుగా రావడంతో తెలుస్తుంది.

ఆగస్టు 17

మొదటి మ్యాచ్. ఒకటీ సున్నా, గెలిచాం. అమ్మ ఫోనులో చూసిందట. అంతసేపు కళ్ళు చించుకుని చూశాను, నువ్వెక్కడా కనబడలేదేమే అంది. డిఫెండర్ కనబడకపోతే బాగా ఆడినట్టమ్మా అన్నాను. "కనబడకుండా ఉండటానికి అంతదూరం పోవడం ఎందుకే, మన ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉందిగా" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఆగస్టు 30

కోచ్ గదికి పిలిచారు. ఇలాగే ఆడితే డిసెంబర్‌లో రెండేళ్ళ కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. నాకు ఇప్పటిదాకా అన్నీ ఏడాదివే. ఏడాది కాంట్రాక్ట్ మనిషి గోడకి మేకు కొట్టదు, మొక్క పెంచదు, పక్కింటావిడ పేరు అడగదు. రెండేళ్ళంటే మంచం చేయించుకోవచ్చు, నా పొడుగుకి. మా మెట్లు దిగితే వచ్చే వీధిలో వడ్రంగి దుకాణం ఉంది. ఊరికే అడిగాను. ఎంత పొడుగు కావాలి అని నన్నే కింద నుంచి పైదాకా చూసి, "ఏమ్మా, ఇద్దర్ని ఒకరి తర్వాత ఒకర్ని పడుకోబెడతారా" అన్నాడు.

సెప్టెంబర్ 21

గెలిచాం. తలనొప్పి.

సెప్టెంబర్ 22

నిన్నటిది వీడియోలో చూశాను. డెబ్బైరెండో నిమిషం, కార్నర్. నేనూ వాళ్ళ ఫార్వర్డూ ఒకే బంతికి ఎగిరాం. నా తల బంతికి తగిలింది, ఆమె తల నా చెవి పైన తగిలింది. నేను పడ్డాను. లేచాను. ఏం లేదు ఏం లేదని చెయ్యి ఊపాను. చివరిదాకా ఆడాను, బాగానే ఆడాను.

నాకు మాత్రం కార్నర్ ముందు సాక్సు పైకి లాక్కోవడం వరకే గుర్తుంది. ఆ తర్వాత బస్సు. మధ్యలో ఆడిన పద్దెనిమిది నిమిషాలు నా మొహం పెట్టుకుని ఎవరో ఆడినట్టున్నారు. ఎవరైతేనేం, ఒక్క బంతి కూడా వదల్లేదు.

సెప్టెంబర్ 24

ఫిజియో మేడమ్ వీడియో చూసి పిలిపించింది. తలనొప్పి? లేదు. వాంతి? లేదు. వెలుతురు చూస్తే ఇబ్బంది? లేదు. మూడు లేదుల తర్వాత పది మాటలు. క్లబ్బుకి ఉన్నది ఒకే కాగితం, జులైలో చదివినవే చదివింది. నవ్వొచ్చింది.

తాత, గొడుగు, గుర్రం, రైలు, నిమ్మకాయ, తాళం. ఆరు చెప్పి ఆగాను, పాత మార్కుకి సరిపోయేలా. మిగతా నాలుగూ తెలుసు. రాయడం ఎందుకు.

ఆడొచ్చు అని సంతకం పెట్టింది.

సెప్టెంబర్ 27

పగటి ఎండ సూదుల్లా గుచ్చుకుంటోంది. ఈ గది దక్షిణం వైపు కట్టినవాడిని అనాలి. ఎండ వచ్చే చోట దుప్పటి కట్టేశాను. "మనమేమన్నా కోళ్ళమా అక్కా, గంప మూసేస్తే పడుకోవడానికి" అంది పొట్టి.

అక్టోబర్ 5

పొట్టితో చిన్న గొడవ. గదిలో వండుకున్న కూరలో రెండుసార్లు ఉప్పు వేశానట. నేను వేసింది ఒక్కసారే. రెండోది అదే వేసుంటుంది, పరధ్యానం మనిషి. తిన్నాక నీళ్ళ సీసా ముందు పెట్టుకుని, సారీ అక్కా నేనే వేశానేమో అంది. చూశావా.

అక్టోబర్ 11

అమ్మ ఇవాళ ఒక మంచి మాట అంది, రాసి పెట్టుకోవాలి. అంతసేపు చూశాను నువ్వెక్కడా కనబడలేదేమే అంది. కనబడకపోతే బాగా ఆడినట్టమ్మా అన్నాను. అయితే అంతదూరం పోవడం ఎందుకు, వెనక గది ఖాళీగా ఉందిగా అంది. పగలబడి నవ్వాను. ఇదివరకూ అన్నాను కదే దీన్ని, అప్పుడూ ఇలాగే నవ్వావు అంది.

అమ్మకి ఈమధ్య అన్నీ కలిసిపోతున్నాయి. వయసు.

అక్టోబర్ 12

తలనొప్పి లేదు. అసలు లేదు.

అక్టోబర్ 19

ఓడాం. గోల్ నా తప్పు కాదు. లైను ముందుకి ఎక్కమని నేనే అరిచాను, ముగ్గురూ ఎక్కారు. నేనూ ఎక్కాను. నలుగురం ఎక్కితే మా వెనక మిగిలిన వాళ్ళ పిల్ల కొట్టినా గోల్ చెల్లదు. ఆఫ్‌సైడ్ అని చెయ్యి కూడా ఎత్తాను. వాళ్ళ పిల్ల ఒంటరిగా వెళ్ళి కొట్టేసి వచ్చింది.

అక్టోబర్ 20

వీడియో పెట్టారు. నేను ఎక్కలేదు. అరిచి, చెయ్యెత్తి, ఉన్నచోటే నిలబడ్డాను. అందరికంటే రెండు గజాలు వెనక, దిక్కులు చూస్తూ. కోచ్ తెరమీద నన్ను ఆపి, కాసేపు అలాగే ఉంచారు.

కెమెరా పెట్టిన చోటు సరిగ్గా లేదు. పక్కనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది.

నవంబర్ 3

ఈ డైరీ మొదటి పేజీలు ఓసారి చూద్దామనిపించింది. చూడలేదు. పాతవి చదువుకుంటూ కూర్చునే మనిషిని కాను.

నవంబర్ 9

ఇవాళ రెండో సగంలో పొట్టి నా కళ్ళముందే పడింది. వాళ్ళ వింగర్ మోచెయ్యి కణత మీద తగిలింది. రెండు క్షణాలు కదల్లేదు. తర్వాత లేచింది, ఏం లేదు ఏం లేదని చెయ్యి ఊపింది.

ఆ ఊపడం నాకు తెలుసు. నేను ఎప్పుడూ ఊపిన గుర్తు లేదు, కానీ తెలుసు.

బస్సులో నా పక్కన కూర్చుని తువ్వాల్లో వాంతి చేసుకుంది. ఎవరికీ చెప్పకక్కా, మధ్యాహ్నం తిన్నది పడలేదు అంది. మధ్యాహ్నం అది తిన్నది అరటిపండు.

నవంబర్ 13

పొట్టికి పరీక్ష పెట్టారు. అయిదు. జులైలోనూ అయిదే. ఆదివారం ఆడొచ్చని సంతకం అయిపోయింది. గదికొచ్చి మంచమ్మీద బూట్లతోనే పడుకుంది. పగలు రెండింటికి. దుప్పటి ఇంకా కిందికి లాగవా అక్కా, ఎండ వస్తోంది అంది. సెప్టెంబర్‌లో కోళ్ళమా అని అడిగిన పిల్ల.

ఎవరి తల వాళ్ళది. నాకేం పని. అదీగాక తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఆ డొంకలో మొదటి ముల్లు నేను. కాంట్రాక్ట్ సంతకాలకి మూడు వారాలే ఉంది.

నవంబర్ 14

పెద్దక్కకి ఫోన్ చేశాను. ఆట మానేసి నాలుగేళ్ళయింది, ఇప్పుడు వాళ్ళాయన దుకాణంలో కూర్చుంటోంది. నా గొంతు వినగానే సంతోషపడింది. మోకాలు ఎలా ఉందే అని అడిగింది. నాకు మోకాలి బాధ ఎప్పుడూ లేదక్కా అన్నాను. పొట్టి గురించి చెప్పాను. పేరు చెప్పకుండా, ఎవరో పిల్ల అని. చివరిదాకా విని, మన రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకున్నారే, నేను ఎన్ని తిన్నాను, బాగా లేనా అంది. తర్వాత, ఇంతకీ నీ మోకాలు ఎలా ఉంది అంది. వెనకనుంచి ఎవరో, ఆ సరుకు ఇందాకే కట్టావు కదా అనడం వినిపించింది. ఫోన్ పెడతానే అంది. పెట్టేస్తూ, మోకాలు జాగ్రత్త అంది.

దుకాణంలో రద్దీగా ఉన్నట్టుంది. పరాకు.

ముప్ఫై ఎనిమిదే మరి ఆవిడకి.

నవంబర్ 15, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను, వరసగా.

పొద్దున్న ప్రాక్టీసు తర్వాత పొట్టి నేల మీద కూర్చుని రేపటికి సంచీ సర్దుకుంటోంది. షిన్ గార్డులు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. హుషారుగానే ఉంది. చూశావా అక్కా, అయిదు దాటనివ్వలేదు, ఎంత బాగా నటించానో అంది.

"మిగతావి చెప్పు" అన్నాను.

"ఏవి?"

"ఆ పదిలో మిగతా అయిదు."

నవ్వింది. "తెలుసక్కా. ఇప్పుడు చెప్పడం ఎందుకు?"

"ఊరికే. నాకోసం."

మళ్ళీ నవ్వబోయింది. నోరు తెరిచింది. నేను దాని కళ్ళే చూస్తున్నాను. లోపల ఒక్కో అర తీసి వెతుకుతోంది, అన్నీ ఖాళీ. అప్పుడు దాని మొహంలో వచ్చిన భయం ఇరవై ఏళ్ళ మొహం మీద ఉండాల్సింది కాదు. సంచీ జిప్ లాగుతూ, నీకు ఆడించాలని లేదేమో నన్ను అంది. లేచి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తెలుసు, చెప్పడం ఎందుకు. ఈ మాట నేనెక్కడో విన్నాను. వినలేదు, రాశాను.

పెన్ను తీసి డైరీ వెనక అట్ట మీద తాతని రాయడం మొదలుపెట్టాను. మొదటి పేజీ తిప్పకుండా, ఒట్టు పెట్టుకుని. తాత గొడుగు పట్టుకుని గుర్రమెక్కి రైలుకి బయల్దేరాడు. జేబులో నిమ్మకాయ. ఇంకో జేబులో. ఇంటికి తాళం వేశాడు. ఏదో వేయడం మరిచిపోయాడు.

ఇంకో జేబులో.

ఏదో వేయడం మరిచిపోయాడు.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగేదాకా కూర్చున్నాను. తాత రాలేదు. సెప్టెంబర్‌లో నేను దాచుకున్నది ఏమీ లేదు. ఉన్నవే ఆరు.

ఫిజియో గది బట్టలుతికే గది పక్కన ఉంటుంది, ఎప్పుడూ సబ్బు వాసన. మేడమ్ టేపు చుట్టలు లెక్కపెడుతోంది. నిలబడే చెప్పేశాను. జులైలో మేము కావాలని ఎలా తక్కువ చెబుతామో, పొట్టికి ఎవరు నేర్పారో, బస్సులో తువ్వాలు. మేడమ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎంతమంది?" అంది.

"నాకు తెలిసి అందరూ."

ఫైళ్ళ బీరువా వైపు చూసింది. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను ఇవి, అంది మెల్లగా, నాతో కాదు.

తర్వాత గదికి వచ్చింది, నా వెనకే. పొట్టిని కూర్చోబెట్టి కళ్ళలో లైటు వేసి చూసింది. రేపు నువ్వు ఆడటం లేదమ్మా అంది. పొట్టి ఏడవలేదు. నా వైపు తిరిగి, నువ్వే నేర్పావు, నువ్వే చెప్పావు అంది. అక్కా అనలేదు.

మేడమ్ లేచి దుప్పటి లాగేసింది. పట్టపగలు ఈ చీకటేమిటి అంది. ఎండ భళ్ళున మీద పడింది, రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. అప్పటిదాకా ఆవిడ పొట్టి కోసమే వచ్చిందనుకుంటాను. అలాగే నిలబడి నన్ను చూసింది.

"ఇప్పుడు నువ్వు కూర్చో. ఈసారి దాచుకోకు."

దాచుకోలేదు. ఆవిడ పదీ చదివింది, అయిదు నిమిషాలు నెలలు వెనక్కి చెప్పించింది, తర్వాత ఆగింది. తాత, గొడుగు, గుర్రం, రైలు, నిమ్మకాయ, తాళం. తొందరేం లేదు అంది. ఎండ వస్తున్న వైపే చూస్తూ కూర్చున్నాను. నుదురు చెమట పట్టింది. డిగ్రీ పరీక్షల్లో కూడా అంత కష్టపడలేదు.

ఆరు.

నవంబర్ 16

మ్యాచ్‌ని జనంలో కూర్చుని చూశాను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. నా చోట ఆడిన అమ్మాయి మంచిదే, నోరు లేదు. లైను ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు కదిలారు. రెండుసార్లు ఎక్కు ఎక్కు అని అరిచాను. పక్కనున్నాయన, ఎందుకమ్మా వాళ్ళకి వినబడదు అన్నాడు.

నవంబర్ 21

తల డాక్టరు ఆరునెలలు అన్నాడు. ఆ తర్వాత కూడా హెడర్ల సంగతి ఆలోచించుకోమన్నాడు. హెడర్లు లేని సెంటర్ బ్యాక్ అంటే ఏమిటో ఆయనకి వివరించలేదు. పొట్టికి ఆరువారాలు. అది తిరిగి ఆడుతుంది, పూర్తిగా మానిపోతుందట. రెండోసారి తగలకుండా ఆపారు, మీరెవరో మంచి పని చేశారు అన్నాడు. పొట్టి నేల చూసింది.

నవంబర్ 24

జట్టు మొత్తానికి పరీక్ష మళ్ళీ పెట్టారు, కొత్త కాగితంతో, క్లబ్బు డాక్టరు ఎదురుగా. అందరికీ తొమ్మిదీ పదీ వచ్చాయట. ఒక్క జట్టులో ఇన్ని తెలివైన తలలున్నాయని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. భోజనాల గదిలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. ప్లేటు పట్టుకుని వస్తారు, నన్ను చూస్తారు, ఇంకో బల్ల గుర్తొస్తుంది.

నవంబర్ 27

కోచ్ ఎదురుపడి, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. కాంట్రాక్ట్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వడ్రంగి దుకాణం ముందునుంచి పోవడం మానేశాను, రెండో వీధి చుట్టు తిరిగి వస్తున్నాను.

అమ్మకి చెప్పాను, మొత్తం. అంతా వింది. తర్వాత, వెనక గది ఖాళీగానే ఉందమ్మా అంది. ఈసారి ఇద్దరం నవ్వలేదు. అది మూడోసారి అనడం. నాకు గుర్తుంది.

నవంబర్ 30

ఇవాళ మొదటి పేజీ తీసి చదివాను. అక్కడే ఉన్నాయి, నా రాతలోనే, నాలుగూ. ఉప్పు, దువ్వెన, అద్దం, కిటికీ. తాత వేయడం మరిచిపోయింది కిటికీ. రెండు నెలలు నేను దుప్పటి కట్టి మూసిందీ దాన్నే. పరీక్షలో చివరికి తేరిపార చూస్తూ కూర్చున్నదీ దాన్నే.

ఆ పేజీలో రాసిన అమ్మాయి మీద కోపం రాలేదు. వందేళ్ళయినా మరిచిపోను అని రాసుకుంది పాపం.

దుప్పటి మళ్ళీ కట్టలేదు. మధ్యాహ్నం ఎండ నేల మీద పొట్టి మంచం దాకా వచ్చింది. అది పదిహేను రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గదిలో ఇద్దరం ఉన్నా, నా గొంతు మళ్ళీ సాయంత్రం పాల దుకాణంలోనే బయటికొస్తోంది. ఇవాళ అది బాత్రూంలోంచి తలుపు సందున తల బయటికి పెట్టింది, జుట్టంతా తడిసి.

"షాంపూ ఎక్కడ?" అంది. కాస్త ఆగి, "అక్కా" అంది.

ఎక్కడుందో నాకు తెలుసు, నేనే కొని పెట్టాను. చెప్పడానికి నోరు తెరిచాను. ఒక్క క్షణం ఏమీ రాలేదు. అది అక్కడే నిలబడింది, నీళ్ళు కారుతూ, తొందరపెట్టకుండా.

"అద్దం పక్కన" అన్నాను.